మైకు మన దాకా వచ్చేసరికి టైమైపోతుంది

“శ్రీను గారూ, మీరు మాట్లాడండి. మైకు ఆన్ చేసుకోండి.”

శ్రీను అని రాసి ఉన్న గడిలోంచి ఆడగొంతు వినిపించింది. “నాను శ్రీనుని కాదండి, ఆడి అమ్మనండి. ఫోను ఆడిది.”

అందరం నవ్వేశాం. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి? ఆ నవ్వుల మధ్యే ఆవిడ అడగబోయింది. “మరేటండంటే, మా గుంట కాలేజీ కాగితాల్లో నా పేరు...” అంటూ ఉండగానే ఎవరింట్లోనో కుక్కరు కూత వేసింది. ఇంకెవరో మైకు ఆపకుండానే “ఒరే, ఆ టీవీ తగ్గించరా” అని కేకేశారు. “మీ మాట సరిగ్గా వినిపించడం లేదమ్మా, మెసేజి పెట్టండి” అన్నాడు మీటింగు నడిపిస్తున్న ఆయన. ఆవిడ పెట్టింది. దాని మీద వరసగా “గుడ్ ఈవెనింగ్ సర్”లు, చేతులు జోడించిన బొమ్మలు, గులాబీ పువ్వులు వచ్చి పడ్డాయి. ఆ పువ్వుల కింద ఆవిడ ప్రశ్న ఎక్కడికి పోయిందో ఎవరూ చూడలేదు. గంట సేపు అనుకున్న మీటింగులో నలభై నిమిషాలు పెద్దల ఉపన్యాసాలకే సరిపోయింది. మిగిలిన ఇరవై నిమిషాల్లో ముగ్గురు మగవాళ్లు కాలవల గురించి, వీధిదీపాల గురించి మాట్లాడారు. అది ఆడవాళ్ల కోసమని పెట్టిన మీటింగు!

పోయిన ఆషాఢంలో మా నర్సీపట్నంలో, మా నాలుగు వీధుల వాళ్లకి ఫోన్లో పెట్టిన ప్రశ్నలూ జవాబుల సమావేశం సంగతి ఇది. వచ్చినాయన ఏ ఆఫీసాయనో ఇక్కడ అనవసరం. ఆయన మంచివాడే, అడిగితే చెప్పేవాడే. అడగనివ్వలేదు, అంతే.

ఆవిడ ప్రశ్న ఏమిటో నాకు వారం తర్వాత కూరగాయల దగ్గర తెలిసింది. పదో తరగతి సర్టిఫికెట్లో ఆవిడకి పుట్టింటి ఇంటిపేరు ఉంది. రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు. ఆధార్లో ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టారు. బ్యాంకు పుస్తకంలో ఆ పొడి అక్షరం కూడా లేదు. మనిషి ఒక్కతే, కాగితాల్లో నలుగురు. కూతురి ఫీజు డబ్బు ఆగింది. ఏ కాగితం పట్టుకుని ఎక్కడికెళ్లి, ముందు దేన్ని సరిచేయించుకోవాలన్నదే ఆవిడ అడగదల్చుకున్నది. ఒక్క నిమిషం జవాబు. ఆ నిమిషం దొరక్క రెండు నెలలు తిరిగింది, కూలి పోగొట్టుకుని మరీ.

నాకు ఒళ్లు మండింది ఇందుకు కాదు. ఆ సాయంత్రమే మా వీధిలో వాకబు చేస్తే ఇంకో నలుగురికి అదే చిక్కుంది. ఆ నలుగురూ ఆ రోజు మీటింగులో ఉన్నవాళ్లే. శ్రీను అమ్మ ప్రశ్న పైకి వినిపించి ఉంటే ఒక్క జవాబుతో అయిదిళ్ల పని జరిగేది. “నాకొక్కదానికే ఇలా అయింది కాబోలు, చెప్పుకుంటే నామోషీ” అని ఎవరికి వారు నోరు మూసుకున్నారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారడం ఆడవాళ్లందరికీ ఉన్న సంగతే కదా, ఇందులో నామోషీ ఏమిటో!

అందుకే, సమస్యలు చెప్పుకోవడానికి ఇప్పుడు ఇన్ని దారులున్నాయి, మళ్లీ ఈ సమావేశాలెందుకు అనేవాళ్ల మాట నాకు రుచించదు. దారులున్న మాట నిజమే. సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటున్నారు. 2025 జనవరి 30న ప్రభుత్వం ‘మన మిత్ర’ అని వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. మంచిదే. కానీ అర్జీ నాదీ ఆఫీసుదీ మాత్రమే. పక్కావిడకి దాని సంగతి తెలియదు. పదిమందిలో అడిగిన ప్రశ్న అలా కాదు. అడిగింది ఒకరైనా విన్నవాళ్లందరిదీ అవుతుంది. “నాకూ అదే బాధ” అని ఇంకొకరు అనగానే అది ఇంటి గొడవ కాకుండా ఊరి సంగతి అయి కూర్చుంటుంది.

ఇక్కడ నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తు చేసుకోవాలి. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు చదువు నేర్చుకుందామని రాత్రిబడికి వెళ్లారు. పలకా బలపం పట్టుకున్న చోటే, మగవాడి కూలి డబ్బు సారా కొట్టుకు ఎందుకు పోతోందన్న మాట వచ్చింది. ఇంట్లో ఒక్కో ఆడది ఒంటరిగా ఏడ్చిన ఏడుపే అది. నలుగురూ కూర్చున్న చోట పైకి అన్నారు కాబట్టి ఉద్యమమైంది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. “ఆడవాళ్లు మీటింగుల్లో నోరు విప్పరండీ” అని నిట్టూర్చే పెద్దమనుషులకి నేను చెప్పే జవాబు ఇదే. విప్పుతారు. ఆ బడిలో వాళ్లని ఎవరూ “మైకు ఆన్ చేసుకోండి” అనలేదు, అంతే తేడా.

చదువుకున్న ఆడవాళ్లకి ఈ బాధ ఉండదనుకుంటే అదీ పొరపాటే. 2018లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. పది దేశాల్లో, ముప్పై అయిదు విద్యాసంస్థల్లో జరిగిన దాదాపు 250 సెమినార్లకి వెళ్లి, చివర్న ప్రశ్నలెవరు అడుగుతున్నారో లెక్క పెట్టారు. సభలో ఉన్న ఆడా మగా సంఖ్యను బట్టి చూసినా, ఒక ప్రశ్న మగవారి నుంచి రావడానికి ఉన్న అవకాశం ఆడవారి నుంచి రావడానికి రెండున్నర రెట్లకు పైనే. అక్కడున్నది పీహెచ్‌డీలు చేసినవాళ్లు! అందులోనే నాకు మరీ నచ్చిన సంగతి ఒకటి ఉంది. మొదటి ప్రశ్న మగవారు వేసిన సభల్లో ఆ తర్వాత ఆడవాళ్లు అడగడం ఇంకా తగ్గిందట. అంటే మొదటి ప్రశ్న ఎవరిదన్న దాన్ని బట్టి తక్కిన సభ నడుస్తుందన్నమాట. మన పెళ్లి భోజనాల్లో మొదటి పంక్తి సంగతి గుర్తొచ్చింది నాకు. మొదటి పంక్తికి వడ్డించినట్టు చివరి పంక్తికి వడ్డిస్తారా ఎక్కడైనా?

మన పక్కనున్న తమిళనాడులో గ్రామసభల్లో మాట్లాడిన మాటలన్నీ రాసి పెట్టుకుని చేసిన ఇంకో అధ్యయనం 2019లో వచ్చింది. అక్కడా అంతే. ఆడవాళ్లకి మాట్లాడే అవకాశం తక్కువ. మాట్లాడినా, అడిగినదానికి తగిన జవాబు రావడం తక్కువ. పంచాయతీ ప్రెసిడెంటు ఆడమనిషైన చోట మాత్రం ఆడవాళ్ల ప్రశ్నలకి జవాబు రావడం మెరుగ్గా ఉందని తేలింది.

ఈ సొదంతా దసరాకి వచ్చిన మా చెల్లెలి కూతురితో చెప్పాను. అది బెంగళూరులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తుంది. విని నవ్వి, “పెద్దమ్మా, నీకో వింత చూపిస్తాను, రా” అని తన కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. ‘సెకండ్ లైఫ్’ అని ఒక బొమ్మల లోకం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో తెరిచింది. అందులోకి వెళ్లిన ప్రతివారికీ ఒక బొమ్మ ఒళ్లు ఉంటుంది. దాన్ని అవతార్ అంటారు, మన దశావతారాల మాటే! ఆ ఒంటితో నడవొచ్చు, ఎగరొచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, సభలో బెంచీ మీద కూర్చోవచ్చు. పిల్లలాటలే అని తీసిపారేయబోయాను. 2007లో మాల్దీవులు, స్వీడన్ అందులో రాయబార కార్యాలయాలు పెట్టాయట. అదే ఏడు సెప్టెంబరులో ఇటలీలోని ఐబీఎం ఉద్యోగులు జీతాల గొడవ మీద ఆ లోకంలోనే సమ్మె చేశారట. ఇక వేరే బొమ్మల లోకంలో 2022 ఫిబ్రవరిలో తమిళనాడులో ఒక జంట పెళ్లి రిసెప్షన్ చేసుకున్నారు. కాలం చేసిన పెళ్లికూతురి తండ్రిని బొమ్మగా చేసి నిలబెట్టారు. అది వినగానే మాత్రం నాకు నోట మాట రాలేదు.

ఆ లోకంలోనూ ప్రశ్నలూ జవాబుల సమావేశాలుంటాయి. కంపెనీ ఉద్యోగులు ఫలానా రోజు, ఫలానా వేళ అని చెప్పి, తామూ బొమ్మలై కూర్చుని, అక్కడ తిరిగేవాళ్ల ప్రశ్నలు వినేవారట. మా అమ్మాయి ఒకప్పుడు వాటికి వెళ్లేది. “గొప్పగా జరిగేవా?” అని అడిగాను. “మీ ఆషాఢం మీటింగులాగే ఉండేది పెద్దమ్మా” అంది.

అదెలాగో వివరంగా చెప్పింది. అక్కడ టైపు చేసిన మాట ఇరవై మీటర్ల దూరంలో ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. అరిస్తే వంద మీటర్లు, గుసగుసలాడితే పది. అంటే వెనక బెంచీ వాళ్లకి ముందు మాట అందదు, అచ్చం మన కల్యాణమండపంలోలాగే. జనం పెరిగితే ఆ నేలే బరువెక్కి, బొమ్మలన్నీ మెట్టు తడబడ్డట్టు కదులుతాయి. అందరూ ఒక్కసారే టైపు చేస్తే ఏ జవాబు ఏ ప్రశ్నదో తెలియదు. వేళ కాలిఫోర్నియా గడియారం ప్రకారం. వాళ్లకి మధ్యాహ్నం పన్నెండంటే మనకి అర్ధరాత్రి దాటిపోతుంది. మన మీటింగులు రాత్రి ఎనిమిదింటికి పెట్టినట్టే అనుకోండి. పెట్టినవాడికి అనువైన వేళ, వండేవాళ్లకి పొయ్యి దగ్గర నుంచి కదలలేని వేళ.

ఒక మంచి మాత్రం అక్కడుంది. బొమ్మ వెనక ఎవరున్నారో తెలియదు. పెద్దింటావిడా, పాచిపని చేసే ఆవిడా, మామగారు పక్క గదిలో వింటున్న కొత్త కోడలా అన్నది ఎవరికీ పట్టదు. ప్రశ్న ఒక్కటే వినిపిస్తుంది. కానీ ముసుగుంటే ఆకతాయికీ ఉంటుంది కదా. 2006 డిసెంబరులో ఆ లోకంలో స్థలాల వ్యాపారం చేసి పేరు తెచ్చుకున్న ఆన్షీ చుంగ్ అనే ఆవిడతో అక్కడే ముఖాముఖి సభ పెడితే, ఎవరో అసభ్యమైన బొమ్మలు ఆవిడ మీదికి ఎగరేసి సభంతా పాడుచేశారు. ఒళ్లు బొమ్మదైనా ఆడపేరు కనిపిస్తే చాలు కొందరికి!

ఇదంతా విన్నాక నాకు ఒకటి స్పష్టమైంది. పందిట్లో కుర్చీలు వేసినా, ఫోన్లో గడులు పెట్టినా, బొమ్మలకి రెక్కలు కట్టి ఎగరేసినా, సభ నడిపే పద్ధతి మారకపోతే జరిగేది ఒకటే. గొంతున్నవాడు మాట్లాడతాడు, మిగతావాళ్లు చేతులు జోడించిన బొమ్మ పెట్టి వెళ్లిపోతారు.

పద్ధతి ఎలా ఉండాలన్నదానికి మరీ దూరం పోనక్కర్లేదు. మన నర్సీపట్నం ఎమ్మెల్యే అయ్యన్నపాత్రుడు గారు 2024 జూన్‌లో శాసనసభ స్పీకరు అయ్యారు. టీవీలో సభ చూపించినప్పుడల్లా మా వీధిలో గొప్పగా చూస్తాం. చట్టసభల్లో ప్రశ్నోత్తరాలు ఎలా నడుస్తాయో గమనించారా? లోక్‌సభలో అయితే సభ్యులు పదిహేను రోజుల ముందే ప్రశ్న రాసి ఇవ్వాలి. జవాబు చెప్పవలసినవాళ్లు కాగితాలు చూసుకుని వస్తారు. చుక్క గుర్తున్న ప్రశ్నకి సభలో నోటితో చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్న వేయొచ్చు. అక్కడ కేకలు లేవని కాదు. కానీ ప్రశ్న ముందే కాగితం మీదకి ఎక్కింది కాబట్టి కేకల్లో కొట్టుకుపోదు. అంత పెద్దవాళ్లకే ముందుగా రాసిచ్చే వీలుంటే, పొయ్యి మీద అన్నం పెట్టి ఫోను పట్టుకున్న శ్రీను అమ్మని అప్పటికప్పుడు, అరవై మంది వింటుండగా, తడుముకోకుండా అడగమనడం ఏం న్యాయం చెప్పండి?

అలాగే మహారాష్ట్రలో గ్రామసభకి ముందు ఆడవాళ్లకి వేరుగా సభ జరగాలని 2003లో చట్టంలోనే పెట్టారు. ముందు తమలో తాము అనుకున్న మాట పట్టుకుని పెద్ద సభకి వెళ్లొచ్చు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 23న ఒక్కరోజే 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. అన్ని ఊళ్లలో ఒకే రోజున సభ అంటే చిన్న సంగతి కాదు. అయితే ఆ సభలకి ముందు రోజు ప్రతి ఊళ్లో ఆడవాళ్లు ఒక గంట కూర్చుని ఉంటే ఆ తీర్మానాల్లో ఏమేం చేరేవో అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

కార్తీకంలో మా వీధులవాళ్లం మళ్లీ ఫోన్ మీటింగు పెట్టాం. ఈసారి పట్టుబట్టి నాలుగు మార్పులు చేయించాను. వేళ మధ్యాహ్నం మూడింటికి మార్చాం. ఒక నోటుపుస్తకం కొని కిరాణా కొట్టు వదిన దగ్గర పెట్టాం. మూడు రోజుల ముందు నుంచీ ఎవరికేం అడగాలనుందో అందులో రాయాలి. రాయలేనివాళ్లు చెబితే వదిన రాస్తుంది. ఒకటే మాదిరి ప్రశ్నల్ని కలిపి, “ఇది అయిదుగురి ప్రశ్న” అని పైన వేశాం. పేర్లు వదినకి తెలుస్తాయి, సభలో చదవం. మొదటి ప్రశ్న ఎప్పుడూ నోరు విప్పనివాళ్లది కావాలన్నాం. మెసేజిలు చూడటానికే ఒక అమ్మాయిని కూర్చోబెట్టి, ప్రశ్న తప్ప పువ్వులూ దణ్ణాలూ పెట్టొద్దని ముందే చెప్పాం. ఇది మాత్రం కొంతమందికి కోపం తెప్పించింది. “ఆఫీసరుకి నమస్కారం కూడా చెప్పుకోకూడదా? ఇదేటి చోద్యం!” అని మా ఎదురింటి పిన్ని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. రావలసినావిడ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పుస్తకంలో పదకొండు ప్రశ్నలుంటే ఎనిమిదింటికి జవాబు దొరికింది. పేరు చదవకపోతే ఎవరిమీద పడితే వాళ్లమీద చాడీలు రాస్తారని ఒకాయన గొడవపడ్డాడు. ఆ భయం పూర్తిగా అబద్ధం కాదు. ఒకరు పక్కింటి కోడలి మీద రాసిన చాడీని వదిన కొట్టేసింది కూడా. కొట్టేయాల్సింది ఏదో నిర్ణయించే అధికారం కిరాణా కొట్టు వదినకి ఎవరిచ్చారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. వచ్చేసారి ఇద్దరు చూడాలని అనుకున్నాం.

కొన్ని జవాబులు మన నర్సీపట్నం రోడ్డు రైల్వే స్టేషన్లా ఉన్నాయి. బోర్డు మీద మన ఊరి పేరే, దిగితే ఊరు ఇంకా బోలెడు దూరం! “ఆ విషయం పరిశీలనలో ఉందమ్మా” అంటే అలాంటి స్టేషనే. అందుకని అలాంటి జవాబు వచ్చినప్పుడల్లా “ఎప్పటిలోగా చెబుతారు?” అని అడిగి, తేదీ పుస్తకంలో రాశాం. వచ్చే మీటింగు మొదలవగానే ముందు ఆ తేదీలు చదవాలని నియమం. ఉపన్యాసాలు ఆ తర్వాతే. తెలియనిది తెలియదని చెప్పినందుకు మేమెవరం ఆవిడని చిన్నబుచ్చలేదు. “కనుక్కుని మంగళవారం చెబుతాను” అన్న ఒక్క మాట, గంట ఉపన్యాసం కంటే నయమనిపించింది.

ఇంటిపేరు ప్రశ్నే మొదట చదివాం. జవాబు నిమిషంన్నర పట్టింది. ఏ కాగితం ముందు సరిచేయించుకోవాలో, దానికి ఏం జత చేయాలో ఆవిడ చెబుతుంటే, మాకు తెలిసిన అయిదుగురే కాదు, ఇంకా ముగ్గురు “మళ్లీ చెప్పండి మేడమ్, రాసుకుంటాం” అన్నారు. శ్రీను అమ్మ ఆ రోజు ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడలేదేం అని తర్వాత అడిగితే, “నా మాట సదివేసినారు గదమ్మా, మళ్లీ మాటాడితే బాగోదు” అంది.

మార్గశిరం మీటింగు కోసం పుస్తకం మళ్లీ కొట్టులో పెట్టాం. నిన్న ఉప్పు కోసం వెళ్లి తిరగేస్తే అప్పుడే ఆరు ప్రశ్నలున్నాయి. ఆడపిల్లలు చదివే కాలేజీ దగ్గర సాయంత్రం బస్సు ఆపడం లేదని రెండు. కుళాయి వేళల గురించి ఒకటి. వృద్ధాప్య పింఛను గురించి రెండు. ఆరోది వదిన చేతిరాత కాదు. వంకర అక్షరాలు, మధ్యలో ఒక కొట్టివేత. “ఫోన్లో మీటింగుకి వొచ్చినప్పుడు శ్రీను పేరు తీసి నా పేరు పడాలంటే ఏటి నొక్కాలి?”

అది ఆఫీసరమ్మకి పంపే ప్రశ్న కాదు. ఇవాళ రాత్రి బెంగళూరుకి ఫోన్ చేసి కనుక్కోవాలి.